ఆర్నాల్డ్ లన్ రచనల్లో పర్వతము, విశ్వాసము, రాజకీయము

ఆర్నాల్డ్ లన్ 1888లో మద్రాసులో జన్మించాడు. తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు వైద్య మిషనరీ. అనారోగ్యము వలన ఆ కుటుంబము త్వరలోనే ఇంగ్లండుకు తిరిగి వెళ్ళింది. 1892 నుండి హెన్రీ స్విట్జర్లాండులోని గ్రిండెల్వాల్డ్‌లో సంఘముల ఐక్యత కొరకు సభలు జరిపించాడు. ఆ ఊరిలో కుమారునికి అబ్బినది మాత్రము కొండల మీద ప్రేమే.

1909లో వేల్స్‌లోని ఒక పర్వతముపై పడి లన్ కాలు విరిగింది. అది శాశ్వతముగా పొట్టిదైపోయింది. అయినను 1917లో 4,545 మీటర్ల డోమ్ శిఖరమును స్కీలతో అధిరోహించాడు.

అప్పటికి ఆయన అజ్ఞేయవాది. 1924లో కాథలిక్ మతములో చేరినవారిని విమర్శిస్తూ ఒక పుస్తకము వ్రాశాడు. అందులో విమర్శకు గురైన రోనాల్డ్ నాక్స్‌తోనే తరువాత ఉత్తరముల ద్వారా వాదించాడు. ఆ ఉత్తరములు 1932లో అచ్చయ్యాయి. 1933లో ఆయనను కాథలిక్ సంఘములో చేర్చుకొన్నది కూడ నాక్సే!

ఈ మార్పులో పర్వతముల పాత్ర ఏమిటి? మంచు, రాయి ఎలా ఏర్పడ్డాయో భౌతికవాదము చెప్పగలదు. వాటి ఎదుట మనిషి మనస్సు ఎందుకు వంగుతుందో చెప్పలేదన్నది లన్ వాదన. అయితే అక్కడే ఆగిపోలేదు. పునరుత్థానమునకు చారిత్రక సాక్ష్యము చూపుటకు 1945లో వేరుగా ఒక గ్రంథము వ్రాశాడు. సౌందర్యమును సాక్షిగా పిలిచాడే గాని పునాదిగా వేయలేదు. మన ప్రకృతి ప్రసంగములలో ఈ భేదము తరచుగా చెరిగిపోతుంది.

నాస్తికుడైన శాస్త్రవేత్త హాల్డేన్‌తోను ఇలాగే వాదించి, ఇద్దరి ఉత్తరములను 1935లో ప్రచురించాడు. (హాల్డేన్ తరువాత భారత పౌరుడై 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు.) ప్రత్యర్థికి సగము పుస్తకము ఇచ్చే ఈ పద్ధతి స్పెయిన్ విషయములో కనబడదు. అంతర్యుద్ధములో రిపబ్లిక్ పక్షపు ప్రాంతములలో సుమారు 6,800 మంది గురువులు, సన్యాసులు, సన్యాసినులు హతులయ్యారు. లన్ ఆగ్రహము అర్థము కానిది కాదు. కాని 1937లో ఆయన ప్రచురించిన స్పెయిన్ గ్రంథము ఫ్రాంకో పక్షపు వకాల్తా. బాస్క్ ప్రాంతములో ఫ్రాంకో సేనలు సహితము 1936లో కాథలిక్ గురువులను కాల్చి చంపాయి. క్రమము, సంప్రదాయము, మతము అన్నవాటిని కాపాడుతానన్న సైన్యమును, నాక్స్‌ను ప్రశ్నించినంత కఠినముగా ఆయన ప్రశ్నించలేదు.

లన్ 1974లో మరణించాడు. ఆయనను చదువగోరు విద్యార్థులు నాక్స్‌తో జరిపిన ఉత్తరములతో మొదలుపెట్టి, స్పెయిన్ గ్రంథమును వాటి ప్రక్కన పెట్టి చదవడము మేలు.