మంచులో నిలిచిన తాళవృక్షము

తాడి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు: ఈ పేర్లు చెవిని పడగానే మన మనస్సునకు ఎండ తోచును, సముద్రపు గాలి తోచును. వృక్షశాస్త్రజ్ఞులు వీటినన్నిటిని ఒకే కుటుంబముగా గణించినారు. ఆ కుటుంబములో 2,500కు పైగా జాతులున్నవి. వానిలో అత్యధిక భాగము ఉష్ణదేశముల సొత్తు. అట్టి చెట్టు హిమము కురియు దేశములో, ఆరుబయట, కప్పు లేకుండ నిలుచునని చెప్పినచో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఐరోపా తోటమాలులు నమ్మియుండరు. ఆ అపనమ్మకము ఎట్లు తొలగినదో, తొలగిన పిమ్మట ఏమి జరిగినదో తెలిసికొనదగిన విషయము.

వారి భయము నిర్హేతుకము కాదు. మామిడి కొమ్మ విరిగినచో మరియొక కొమ్మ చిగుర్చును. తాళజాతికి ఆ సౌకర్యము లేదు. సాధారణముగా కాండమునకు కొనయందు ఒకే మొవ్వు ఉండును. చెట్టు బ్రదుకంతయు ఆ మొవ్వులోనే ఉన్నది. అది చలికి గడ్డకట్టినను, చలితో కూడిన తడికి కుళ్ళినను, మాను మోడుగా మిగులును. కావున శీతలదేశముల వారు తాళవృక్షమును చూడగోరినప్పుడు దానికి గాజుటిల్లు కట్టినారు. ఇటలీలోని పాడువా ఉద్యానవనములో 1585లో నాటిన పొట్టి తాళమొకటి ఉన్నది. 1786లో జర్మను మహాకవి గోథే దానిని చూచి, మొక్కల రూపపరిణామమును గూర్చి ఆలోచించినాడు. ఆ తాళము ఐరోపా దక్షిణ తీరములలో సహజముగా పెరుగు జాతికి చెందినదే. అయినను దాని చుట్టును గాజుగది లేచినది. లండను చెంతనున్న క్యూ ఉద్యానములో 1844లో ఆరంభమై 1848లో పూర్తియైన తాళగృహము సుమారు 360 అడుగుల పొడవు గల ఇనుప, గాజుల నిర్మాణము. నేల క్రింద బాయిలర్లు మండుచుండగా పైన తాళవృక్షములు పెరిగినవి.

సరిగా ఆ కాలముననే తూర్పు ఆసియానుండి మరియొక సమాచారము వచ్చినది. డచ్చి వర్తకుల వైద్యుడుగా జపానులో ఉండిన సీబోల్డు 1830లో అచ్చటి తాళము విత్తనములను లైడెన్‌కు చేర్చినాడు. వానినుండి మొలచిన మొక్కలు కొన్ని 1836లో క్యూకు వచ్చినవి. కాని వీనిని కూడ గాజుకప్పు క్రిందనే పెంచినారు. ఇంటిపేరు చూచి ఒంటి బలమును నిర్ణయించినట్లు, తాళకుటుంబములోనిది గనుక చలికి ఓర్వదని తలచినారు.

మొదటి నల్లమందు యుద్ధము 1842లో నాన్‌కింగ్ సంధితో ముగిసినది. మరుసటి సంవత్సరమే లండను ఉద్యానసంఘము రాబర్ట్ ఫార్చ్యూన్ అను స్కాట్లండు తోటమాలిని చైనాకు పంపినది. నేడు జౌషాన్ అని పిలువబడుచున్న చూసాన్ ద్వీపము అప్పుడు బ్రిటిషు సైన్యము చేతిలో ఉండెను. అచ్చటి కొండచరియలపై ఈ తాళము అతని కంటబడినది. శీతకాలమున ఉత్తరపు గాలులు వీచి, మంచు పడు సీమ అది. ఆ ప్రాంతపు రైతులకు ఈ చెట్టు వింత కాదు, ఇంటి ఆస్తి. దాని మాను చుట్టును అల్లుకొన్న ముదురు పీచును ఒలిచి, త్రాళ్ళు పేనుకొనుచుండిరి. టోపీలును వానకు కప్పుకొను అంగీలును చేసికొనుచుండిరి. మన పల్లెలలో తాటాకు గిడుగు ఎట్టిదో, వారికి ఆ పీచు అంగీ అట్టిది. చెట్టు చలిని సహించునని వారికి ఎవరును శాస్త్రము చెప్పనక్కరలేదు.

ఫార్చ్యూన్ గొప్పతనమేమనగా, అతడు ఆ చెట్టును దాని స్వస్థలమున, దాని శీతకాలములో గమనించినాడు. 1849లో క్యూ అధిపతి విలియం హుకర్‌కు మొక్కలు పంపుచు, ఒకదానిని వైట్ ద్వీపములోని ఆస్బర్న్ సౌధమునకు, ఆల్బర్ట్ రాజకుమారుని తోటకు పంపుమని కోరినాడు. క్యూలో ఈ జాతి మొక్క ఒకటి 1849–50 శీతకాలమంతయు ఏ కప్పును లేకుండ ఆరుబయట నిలిచి, చెక్కుచెదరక బయటపడినది. అచ్చటనే, అంత ఖర్చుతో కట్టిన తాళగృహమునకు కూతవేటు దూరముననే! 1851 మే 24న, విక్టోరియా రాణి జన్మదినమున, ఆస్బర్న్ తోటలో రాజకుమారుడు ఒక మొక్కను నాటినాడు. తరువాత 1861లో వెండ్లాండ్ అను శాస్త్రజ్ఞుడు దానికి ట్రాకికార్పస్ ఫార్చునై అను నామమును స్థిరపరచినాడు. తరతరములుగా దానిని పెంచిన చూసాన్ రైతుల ఊసు ఆ శాస్త్రీయ నామములో లేదు.

మన దేశమునకును ఈ ఫార్చ్యూన్‌తో సంబంధము కలదు. 1848లో ఈస్టిండియా కంపెనీ అతనిని తిరిగి చైనాకు పంపినది ఈ తాళము కొరకు కాదు, తేయాకు కొరకు. గాజుపెట్టెలలో ఓడలెక్కిన వేలకొలది తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతపు తోటలకు చేరినవి. క్యూకు తాళమొక్కలు పోయినది కూడ ఆ యాత్రా కాలముననే. చైనా గ్రామీణుల వ్యవసాయ జ్ఞానము ఈ రెండు దారులలోను ఒకే చేతిమీదుగా బయటకు పోయినది.

బాగుగా వేరూనిన ఈ తాళము సున్నకు దిగువ 15 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చలిని తట్టుకొనగలదు. అయినను కఠినమైన శీతకాలములలో తోటమాలులు మొదట గడ్డి పరతురు. ఆకులను పైకెత్తి కట్టుదురు. నీరు దిగకుండ మొవ్వును కాపాడుదురు. ఒట్టి చలికంటె చలితో చేరిన తడి దానికి ప్రబల శత్రువు.

ఇంతవరకు ఇది విజయగాథ. కాని చెట్టు తోటగోడ దాటినచో? స్విట్జర్లాండు దక్షిణభాగమున, ఆల్ప్స్ పాదములయందలి టిచీనో సీమలో, సరస్సుల ఒడ్డు తోటలకు ఈ తాళము అలంకారమైనది. మన పోతుతాడు, పెంటితాడు వేరైనట్లే ఇందులోను ఆడ, మగ చెట్లు వేరు. ఆడచెట్ల పండ్లను పక్షులు తిని, గింజలను అడవిలో విడిచినవి. పూర్వము మంచు ఆ లేతమొక్కలను చంపుచుండెను. ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దులనుండి శీతకాలములు మెత్తబడగా అవి బ్రదికి, గుబురులై, స్థానిక వృక్షముల మొలకలకు వెలుగు లేకుండ చేయుచున్నవి. 2024 సెప్టెంబరు 1నుండి స్విట్జర్లాండు ఈ చెట్టు అమ్మకమును నిషేధించినది.

తోటమాలికి శీతకాలము శత్రువు. అడవికి అదే కావలి. ఒకప్పుడు ఈ చెట్టు ఎంత చలిని ఓర్వగలదో అడుగక, గాజుటింట బంధించినారు. తరువాత అది ఎంత దూరము పోగలదో అడుగక, బయట విడిచినారు. రెండుసార్లును లోపించినది ఒకటే: చెట్టును దాని పుట్టినచోట తెలిసినవారిని అడుగుటయు, నాటినచోట ఓపికతో కనిపెట్టియుండుటయు. పరదేశపు మొక్కను తెచ్చి నాటువాడు దాని మొవ్వును కాచినంత శ్రద్ధగా దాని విత్తును కూడ కాచుకొనవలెను.