క్రాసు బిట్టులో డాక్టరుగారి ఇల్లు

లా ప్లాటా నగరాన్ని ముందు కాగితం మీద గీసి, తర్వాత నేల మీద కట్టారు. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రానికి రాజధానిగా 1882లో పునాది పడ్డ ఊరది. గళ్లు గళ్లుగా వీధులు, వాటిని కోసుకుంటూ ఐమూలగా పెద్ద రోడ్లు. ప్లాను చూడముచ్చటగానే ఉంటుంది. కాకపోతే ఐమూల రోడ్డు గడిని కోసినచోట మట్టానికి రాని బిట్లు మిగిలాయి. డాక్టర్ పెద్రో కురుచెట్ చేతిలో ఉన్నది అలాంటి బిట్టే.

వెడల్పు సుమారు 9 మీటర్లు. మొత్తం స్థలం మన లెక్కలో 215 గజాలకు అటూ ఇటూ. రెండు పక్కలా ఇళ్లు ఆనుకునే ఉంటాయి కాబట్టి అటు కిటికీ పెట్టే వీలు లేదు. ముందున్న రోడ్డేమో పక్క గోడలకు ఏటవాలుగా పోతుంది. కలిసొచ్చింది ఒక్కటే. ఎదురుగా ఊరి పెద్ద పార్కు, అదీ ఉత్తరం వైపు. భూమధ్యరేఖకు దిగువన ఉన్న దేశాల్లో ఎండ వచ్చేది ఉత్తరం నుంచే.

కురుచెట్ సర్జన్. ఆపరేషన్ పనిముట్లను చేతి పట్టుకు అనువుగా మళ్లీ రూపొందించిన మనిషి. 1948లో పారిస్‌లో ఉన్న ఆర్కిటెక్టు లె కార్బూజియేని ఆశ్రయించాడు. అడిగింది సూటిగా ఉంది: కుటుంబానికి ఇల్లు, రోగులను చూడటానికి క్లినిక్, రెండూ ఇదే స్థలంలో, ఒకదాని అలికిడి మరొకదానికి తగలకూడదు. ఇల్లు కట్టించుకునేవారు తమకేం కావాలో ఇంత తేటగా చెప్పగలిగితే సగం డిజైన్ అయిపోయినట్టే అని నేను గట్టిగా నమ్ముతాను.

మన దగ్గర క్రాసు బిట్టు వస్తే తాడు పట్టి, లోపల చదరం తేల్చి, మిగిలిన ముక్కను బయటికి వదిలేస్తారు. అది తప్పని అనను, వాస్తు పట్టింపులూ ఉంటాయి. కానీ 215 గజాల్లో వదులుకునేంత నేల ఎక్కడిది? లె కార్బూజియే ఏదీ వదల్లేదు. ముందు భాగాన్ని రోడ్డు వంపుతోనే పోనిచ్చాడు. లోపలి పిల్లర్ల వరసల్ని మాత్రం పక్క గోడలకు మట్టంగా నిలబెట్టాడు. వంకర ఉన్నచోట వంకరగానే ఉంది, గదులు మాత్రం సాపుగా వచ్చాయి.

అసలు చిక్కు పార్కుతో వచ్చింది. క్లినిక్ ముందుంటే ఇంటికి పార్కు కనబడదు. ఇల్లు ముందుంటే రోగులు ఇంట్లోంచి నడవాలి. ఆయన క్లినిక్‌ను ముందే పెట్టి, మొదటి అంతస్తుతో ఆపేశాడు. ఇంటిని వెనక్కి జరిపి ఇంకా పైకి ఎత్తాడు. రెండో అంతస్తులోని హాలు క్లినిక్ స్లాబు మీదుగా పార్కును చూస్తుంది. ఆ స్లాబే ఇంటివాళ్లకు తోట. పడగ్గదులు ఆ పై అంతస్తులో ఉన్నాయి. ముందు వైపు లోతైన కాంక్రీటు గడులు నిటారు ఎండను ఆపి, చలికాలపు వాలు ఎండను లోపలికి రానిస్తాయి.

రెండు భాగాల మధ్య ఆకాశం కనిపించేలా ఖాళీ వదిలాడు. పక్కల నుంచి రాని వెలుతురు దాన్లోంచి దిగుతుంది. గుమ్మం దాటగానే పిల్లర్ల మధ్య ర్యాంపు మొదలవుతుంది. కొంత ఎక్కాక ఇంటి వాకిలి. అక్కడ వెనక్కి మళ్లి మరో వాలు ఎక్కితే క్లినిక్. రెండు వాలుల నడుమ నేలలోంచి ఒక చెట్టు లేచి, అంతస్తులు దాటి పైకి పోతుంది. నా లెక్కలో ఇంటికి గుండెకాయ ఆ ఖాళీయే, దాని చుట్టూ ఉన్న గదులు తర్వాతివి.

లె కార్బూజియే 1929లో అర్జెంటీనా వెళ్లి ఉపన్యాసాలిచ్చాడు గానీ ఈ స్థలాన్ని, ఈ ఇంటిని ఒక్కసారీ కళ్లారా చూడలేదు. 1949లో ప్లాన్లు పంపాడు. వాటిని నేల మీదికి దించినవాడు అమాన్సియో విలియమ్స్. మార్ దెల్ ప్లాటాలో తన తండ్రి కోసం వాగు మీద వంతెనలా ఇల్లు కట్టిన ఆర్కిటెక్టు ఆయన. ప్లాన్లను పనివాళ్లకు పనికొచ్చే డ్రాయింగులుగా విప్పి, కొలతలు సరిచూసి, కాంక్రీటు పని నడిపించాడు. మధ్యలో ఆయన తప్పుకుంటే మరొకరు, వారి తర్వాత ఇంకొకరు పూర్తి చేయాల్సి వచ్చింది. ఇంత పేచీ స్థలంలో, గీసినవాడు సముద్రాల అవతల ఉండగా, ఇల్లు గీతల ప్రకారం నిలిచిందంటే ఆ ఘనతలో పెద్ద వాటా విలియమ్స్‌ది. ఆయన పేరు ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

డాక్టరుగారి కుటుంబం మాత్రం అందులో ఎక్కువకాలం ఉండలేదు. కొన్నేళ్లకే ఇల్లు ఖాళీ అయింది. 2016లో యునెస్కో లె కార్బూజియే కట్టడాల్లో 17 ఎంచి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మన చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్‌తో పాటు ఇదీ చేరింది. అంతకుముందే, 2009లో, అర్జెంటీనా దర్శకులు ఒక సినిమా అంతా ఈ ఇంట్లో నడిపారు. అందులో గొడవ కూడా స్థలం గొడవే: కాస్త ఎండ కోసం పక్కింటాయన ఈ ఇంటివైపు గోడకు కిటికీ కొట్టిస్తాడు.