పిన్నీసుల అష్టోత్తరం

సోఫాని గోడకి జరిపేసి హాలంతా ఖాళీ చేశాను. అడుగున అమ్మమ్మ నేతచీర, రెండు మడతలుగా, అంచుల్ని టేపుతో నేలకి అంటించి. దాని మీద మెత్తబడిన పాత దుప్పటి. అన్నిటికన్నా పైన, వారం రోజులు కూర్చుని నేను అతికిన గుడ్డముక్కలు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. చెల్లికి ఎనిమిదో నెల. బొంత పుట్టబోయే బిడ్డకి.

కొత్త గుడ్డల్ని ముందే ఉతికి ఆరేశాను. లేకపోతే మొదటి ఉతుక్కే అవి కుంచించుకుపోయి, కుంచించుకోవాల్సిందేదో ఎప్పుడో అయిపోయిన చీరని పట్టి లాగుతాయి.

మోకాళ్ళ మీద పాకుతూ బెత్తెడుకొక పిన్నీసు పెడుతున్నాను. "బొంతకి ఇన్ని పిన్నీసులా!" కుర్చీలోంచి అత్తయ్య. ఆవిడ నాలుగు టాకాలు వేసుకుని చేత్తో కుట్టేసేవారు. పొర జారితే చేతికి తెలుస్తుంది. మిషనుకి తెలీదు. లెక్కపెట్టి మరీ గుచ్చుతున్నాను, పసిపిల్ల పక్కలో ఒక్కటి మిగిలినా ముప్పే. చివరికి 108.

"అష్టోత్తరం అయింది, హారతిచ్చెయ్యి."

16 నంబరు సూది. కుట్టు పొడవు 3. మామూలు ఫుట్ తీసి వాకింగ్ ఫుట్ బిగించాను. మిషను పళ్ళు కింది పొరనే వెనక్కి లాక్కెళ్తాయి, ఫుట్ ఒత్తిడికి పైపొర వెనకబడి ముందు పోగవుతుంది. ఈ ఫుట్‌కి సొంత పళ్ళున్నాయి, పైపొరనీ కలిపి నడిపిస్తుంది.

మొదటి గీత నడిమధ్యన. కుడి సగాన్ని చాపలా చుట్టి మిషను మెడ కింద, జానెడు లేని సందులో దూర్చి పెడల్ నొక్కాను.

పైన కుట్టు ముత్యాల్లా పడుతోంది. పది అంగుళాలు వెళ్ళేసరికి చప్పుడు మారింది, బరువుగా, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. తిరగేసి చూస్తే అడుగున దారం కాకిగూడు కట్టింది! బాబిన్ తీశాను, తుడిచాను, పెట్టాను. మళ్ళీ అదే గూడు. బాబిన్ కేసుని తిట్టుకుంటూ అరగంట గడిచాక బుర్ర వెలిగింది: ఉచ్చులు పడేది అడుగున, తప్పు చేసేది పైదారం. ఇందాక ఫుట్ దించి ఉంచే దారం ఎక్కించాను. అప్పుడు టెన్షన్ బిళ్ళలు కరుచుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. ఇంక పట్టేముంది? జారినంత కిందికి జారుతుంది. ఫుట్ ఎత్తి మళ్ళీ ఎక్కించి, ఫుట్ దించి దారం లాగి చూశాను. బిగువుగా వచ్చింది.

అత్తయ్య గూడంతా బ్లేడుతో ఓపిగ్గా కోసి పెట్టారు.

ఇప్పుడు చేతులు నేర్చుకోవాలి. బొంతని తోయకూడదు, వెనక్కి లాగకూడదు. లాగితే సూది వంగి కింద ఇనప రేకుకి తగిలి పుటుక్కుమంటుంది (ఒకటి అన్నది కూడా). రెండు అరచేతులూ చెరోపక్క పరిచి, దారి తప్పకుండా చూడడమే నా పని. బరువు ఒళ్ళోనూ బల్ల మీదా ఉండాలి, వేలాడకూడదు. సూది దగ్గరికొచ్చిన పిన్నీసునల్లా ముందే తీసి స్టీలు గిన్నెలో వేస్తున్నాను. టింగ్.

సాయంత్రానికి గీతలన్నీ అయ్యాయి. కొన్ని ఏరులా వంకర్లు పోయాయి. పోనీ. గిన్నె బోర్లించి లెక్కపెట్టాను. 107.

మళ్ళీ లెక్కపెట్టాను. 107.

అత్తయ్య బొంతని ఒళ్ళో వేసుకుని అరచేత్తో తడుముతూ వస్తున్నారు. ఒక మూల ఆగారు.

"దొరికిందా, అత్తయ్యా?"

"పిన్నీసు కాదే. చీర ఇక్కడ మడతపడి కుట్టులో ఇరుక్కుంది. పసిగుడ్డు వీపుకి ఒత్తుకోదూ? ఆ బ్లేడిలా ఇవ్వు."

ఇచ్చి, టార్చి పట్టుకుని సోఫా కిందికి దూరాను.