పరదేశపు ఆసుపత్రిలో నాలుగు వారాలు: వైద్య విద్యార్థుల ‘ఎలెక్టివ్’ల వెనుక చరిత్ర

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఎం.బి.బి.ఎస్. చదువుతున్న పిల్లలుంటే ‘ఎలెక్టివ్’ అనే మాట ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. చివరి సంవత్సరాలలో ఉన్న విద్యార్థి తన కళాశాలను విడిచి, వేరొక ఆసుపత్రిలో, తరచుగా వేరొక దేశంలో, కొన్ని వారాల పాటు రోగుల మధ్య శిక్షణ పొందడమే ఎలెక్టివ్. దానికి దరఖాస్తులు, రుసుములు, వీసా, విమాన ఖర్చులు ఉంటాయి. మధ్యతరగతి కుటుంబం అప్పు చేసి భరించే వ్యయం ఇది. అందువల్ల ఈ ఏర్పాటు ఎక్కడ పుట్టింది, మన ప్రాంతానికి ఎలా వచ్చింది, దానివల్ల వచ్చేదేమిటి, రానిదేమిటి అన్నది తల్లిదండ్రులు కూడా తెలుసుకోవడం మంచిది.

గురువును వెతుక్కుంటూ

వైద్యం నేర్వడానికి దూరదేశం వెళ్లడం కొత్త సంగతి కాదు. బుద్ధుని కాలపు వైద్యుడు జీవకుడు మగధ నుంచి తక్షశిలకు వెళ్లి ఏడేళ్లు చదివాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఐరోపాలో 18వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో హాలండులోని లైడెన్ నగరం అటువంటి కేంద్రం. అక్కడ బోయర్‌హావే అనే ఆచార్యుడు పన్నెండు మంచాల చిన్న వార్డులో పాఠం చెప్పేవాడు. ఆ పన్నెండు మంచాల కోసం ఐరోపా నలుమూలల నుంచి విద్యార్థులు వచ్చారు. వారిలో కొందరు తిరిగి వెళ్లి ఎడిన్‌బరో వైద్య కళాశాలకు పునాది వేశారు. 19వ శతాబ్దంలో పారిస్, ఆ తరువాత వియన్నా ఆ స్థానాన్ని అందుకున్నాయి. నేడు ప్రపంచమంతా దరఖాస్తులు పెట్టుకునే అమెరికా నుంచే ఆనాడు వేలమంది వైద్యులు జర్మన్ భాష నేర్చుకుని మరీ వియన్నా వార్డులకు వెళ్లేవారు. విద్య వెలిగే దీపం ఒకే ఇంట్లో ఎన్నడూ నిలవలేదు.

రోగి మంచం పక్కన నిలబడి, అతని కథ విని, చేత్తో పరీక్షించి నేర్చుకోవడాన్ని అమెరికాలో స్థిరమైన పద్ధతిగా మలచినవారిలో ప్రముఖుడు విలియం ఆస్లర్. 1893లో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాలలో ఆయన విద్యార్థులను వార్డులో బాధ్యతగల సభ్యులుగా నిలిపాడు. 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక తరువాత ఈ పద్ధతి ఆ దేశమంతటా పాకింది. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో చివరి సంవత్సరంలో విద్యార్థి తనకు నచ్చిన విభాగాన్ని, నచ్చిన చోటును ఎంచుకునే వెసులుబాటు పెరిగింది. ‘ఎంచుకున్నది’ అన్న అర్థంలోనే దానికి ఎలెక్టివ్ అన్న పేరు స్థిరపడింది.

హైదరాబాదుకు వచ్చినవారు, వెళ్లినవారు

హైదరాబాదులో ఆధునిక వైద్య పాఠశాల 1846లో నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో మొదలైంది. రెసిడెన్సీ సర్జన్ మాక్లీన్ దాని తొలి అధిపతి. ఉర్దూ మాధ్యమంలో ఆధునిక వైద్యం బోధించిన ఆ పాఠశాలే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం. 1880వ దశకంలో వచ్చిన ఎడ్వర్డ్ లారీ కాలంలో ఈ నగరం పేరు లండన్ దాకా వినిపించింది. క్లోరోఫారం మత్తులో మరణించే రోగికి ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వాదాన్ని తేల్చడానికి 1888లోనూ, 1889లోనూ ఇక్కడ రెండు సంఘాలు ప్రయోగాలు జరిపాయి. రెండవసారి లండన్ నుంచి ‘లాన్సెట్’ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ అంతటి శాస్త్రజ్ఞుడు వచ్చాడు. ఖర్చును నిజాం ప్రభుత్వం భరించింది. ఊపిరి ముందు ఆగుతుందన్న వారి తీర్మానం తరువాతి పరిశోధనల ముందు నిలవలేదు. అయినా, ఆ ప్రశ్న కోసం లండన్ హైదరాబాదుకు రావలసివచ్చిందన్న మాట నిలిచింది.

అదే పాఠశాలలో చదివి మత్తుమందు ఇవ్వడంలో నిపుణురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ తరువాత ఎడిన్‌బరోకు వెళ్లి చదివి, తిరిగి హైదరాబాదుకు వచ్చి సేవ చేశారు. సరోజినీ నాయుడు భర్త గోవిందరాజులు నాయుడు కూడా ఎడిన్‌బరోలో వైద్యం చదివి వచ్చినవారే. ఆ తరంలో వెళ్లడం, నేర్వడం, తిరిగి రావడం మూడూ కలిస్తేనే ప్రయాణం పూర్తయినట్టు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మలేరియాను అర్థం చేసుకోవడానికి పనికివచ్చిన ‘వార్డు’ లండన్‌లో లేదు. అది ఇక్కడ, మన జ్వరాల మధ్య ఉంది. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ రోడ్లు ఉత్తరంగా బయలుదేరేది ఈ సికింద్రాబాదు నుంచే.

రాత్రివేళ పనిచేసిన సుబ్బారావు

విదేశానికి వెళ్లే తెలుగు వైద్య విద్యార్థి ఎదుర్కొనే కష్టాలన్నీ ఒక్క జీవితంలో చూడాలంటే యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు ధరించి శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. చివరకు చేతికి అందింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. 1920వ దశకపు తొలి ఏళ్లలో మామగారు సమకూర్చిన డబ్బుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంపై ఆశతో హార్వర్డ్‌లోని ఉష్ణమండల వైద్య పాఠశాలకు వెళ్లారు.

అక్కడ ఆయన పట్టా వైద్యవృత్తికి చెల్లలేదు. పొట్ట గడవడానికి బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. అదే మనిషి 1925లో ఫిస్కేతో కలిసి శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియేటిన్, ఎ.టి.పి.లపై పనిచేశారు. 1940 తరువాత లెడర్లే సంస్థలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వంటి వాటికి దారితీసిన పరిశోధనలను నడిపించారు. 1948లో మరణించే వరకూ ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు.

ఈ జీవితంలో పాఠకులు గమనించవలసినవి రెండు. మొదటిది, చేతిలోని పట్టాను అవతలి దేశం ఏ మేరకు గుర్తిస్తుందన్నది ప్రయాణానికి ముందే తెలుసుకోవలసిన విషయం. రెండవది, ఆయన ప్రతిభ అక్కడ పుట్టలేదు. ఇక్కడి నుంచి వెళ్లింది.

నేర్చుకోవడం నుంచి నిరూపించుకోవడానికి

1956లో విదేశీ వైద్య పట్టభద్రులను పరీక్షించి ధ్రువీకరించడానికి అమెరికాలో ఇ.సి.ఎఫ్.ఎం.జి. అనే సంస్థ ఏర్పడింది. 1965 వలస చట్టం ఆసియా దేశాలవారికి తలుపు తెరిచింది. ఉస్మానియా, గాంధీ, గుంటూరు, విశాఖపట్నం కళాశాలల నుంచి వందలాది మంది బయలుదేరారు. వైద్యుల వలసకు జంకి ఒక దశలో భారత ప్రభుత్వం ఆ పరీక్షను దేశంలో జరగనివ్వలేదు. అభ్యర్థులు పరాయి దేశాలకు వెళ్లి రాసి వచ్చారు. 1990వ దశకపు ఆరంభంలో యు.ఎస్.ఎం.ఎల్.ఇ. అనే ఏకరూప పరీక్ష వచ్చింది.

2022 జనవరి నుంచి ఆ పరీక్ష మొదటి అంచెకు మార్కులు పోయాయి. ఉత్తీర్ణులా కాదా అన్నది మాత్రమే మిగిలింది. మార్కులతో తనను తాను చాటుకోగలిగిన విదేశీ విద్యార్థికి ఒక ఆయుధం తగ్గింది. దానితో అమెరికా వైద్యుడు రాసే సిఫారసు లేఖకు, అక్కడి వార్డులో గడిపిన అనుభవానికి విలువ పెరిగింది. ఒకనాడు నేర్వడానికి చేసిన ప్రయాణం ఈనాడు ఉద్యోగార్హతను నిరూపించుకునే ప్రయాణంగా మారింది. దళారులు ప్రవేశించింది సరిగ్గా ఈ సందులోనే.

మేడ్చల్ వైపు ఎదురు ప్రయాణం

ఇంతవరకు చెప్పినది ఎక్కువగా ఒకవైపు కథ. రెండవ వైపు చూడాలంటే నాగపూర్ రహదారి మీద మేడ్చల్ దగ్గరున్న ఘనపూర్‌కు వెళ్లాలి. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో హృద్రోగ ఆచార్యులైన డాక్టర్ పి.ఎస్. రెడ్డి, ఆయన సహచరులు నెలకొల్పిన ‘షేర్’ సంస్థ కృషితో అక్కడ మెడిసిటీ ఆసుపత్రి, 2002లో వైద్య కళాశాల వచ్చాయి. చుట్టుపక్కల సుమారు నలభై గ్రామాలలో ఇంటింటి ఆరోగ్య వివరాలు నమోదు చేసి, గర్భిణులనూ శిశువులనూ అనుసరిస్తూ ‘రీచ్’ పేరిట ఒక కార్యక్రమం నడిచింది. ఆ గ్రామాల తల్లులు, పిల్లలు, హృద్రోగ కారణాలపై పిట్స్‌బర్గ్ పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనాలు అంతర్జాతీయ పత్రికలలో వెలువడ్డాయి. వియన్నాకు వెళ్లిన అమెరికన్ల వారసులకు మేడ్చల్ పల్లె ఒక పాఠశాల అయింది.

మరొక సంగతి చూడండి. అమెరికాలో ఎలెక్టివ్‌కు దరఖాస్తు చేసే విద్యార్థి సాధారణంగా హెపటైటిస్-బి టీకా మోతాదులన్నీ వేయించుకున్నట్టు, రక్తంలో తగిన రక్షణ ఉన్నట్టు రుజువు చూపాలి. ఆ టీకా ఒకప్పుడు మన సామాన్యులకు అందని దిగుమతి సరుకు. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారుచేసిన టీకాను విడుదల చేసి, ధరను దిగుమతి ధరలో చిన్న భాగానికి దించింది. దాని కర్మాగారం మేడ్చల్ దగ్గరే ఉంది. శామీర్‌పేట దారిలోని తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకాను ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు స్వచ్ఛంద సేవకులపై పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పరదేశపు ఆసుపత్రి గుమ్మం దాటించే టీకాల వెనుక మన ఊరి శ్రమ ఉంది.

దరఖాస్తు చేసేవారు గమనించవలసినవి

ఇక ఆచరణకు వద్దాం. 2019 పాఠ్యప్రణాళికతో మన దేశంలోనూ ఎం.బి.బి.ఎస్.లో ఎలెక్టివ్ భాగమైంది. తొలుత రెండు నెలలున్న ఈ కాలం 2023 నిబంధనలలో ఒక నెలకు తగ్గింది. విదేశంలో గడిపే వారాలను లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది మీ కళాశాల నుంచి ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

మొదట మాటల తేడా తెలియాలి. ఎలెక్టివ్‌లో విద్యార్థి పర్యవేక్షణలో రోగిని ప్రశ్నించి, పరీక్షించి, చర్చలో పాల్గొంటాడు. అబ్జర్వర్‌షిప్‌లో చూడడం తప్ప తాకడం ఉండదు. అమెరికాలో మొదటిది సాధారణంగా పట్టా చేతికి రాకముందే దొరుకుతుంది. బ్రిటన్‌లో సందర్శక వీసాపై వచ్చే విద్యార్థి రోగికి చికిత్స చేయరాదు. ఈ తేడాను దాచి, అబ్జర్వర్‌షిప్‌నే ఎలెక్టివ్ ధరకు అమ్మేవారున్నారు.

అమెరికా కళాశాలలు చాలావరకు వి.ఎస్.ఎల్.ఓ. అనే ఉమ్మడి వేదిక ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. మీ కళాశాల అందులో భాగస్వామి అయితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. కాకపోతే నేరుగా దరఖాస్తులు స్వీకరించే కళాశాలలను వెతకాలి. మార్కుల పత్రం, డీన్ లేఖ, ఆంగ్ల పరీక్ష ఫలితం, ఆరోగ్య బీమా, వృత్తిపరమైన బాధ్యత బీమా వంటివి అడుగుతారు. కనీసం ఏడాది ముందు పని మొదలుపెట్టడం మేలు. జీతం లేని ఎలెక్టివ్‌కు వెళ్లేవారు సాధారణంగా బి-1 వీసా కోరాలి. వీసా అధికారికి ఎలెక్టివ్ సంగతి దాచి ‘చూడడానికి వెళ్తున్నాను’ అనడం తరువాతి జీవితాన్నే దెబ్బతీయగలదు.

ఆరోగ్య పత్రాలలో మనవాళ్లను ఎక్కువగా కంగారుపెట్టేది క్షయ పరీక్ష. పుట్టినప్పుడు వేసిన బి.సి.జి. టీకా వల్ల చర్మ పరీక్షలో వాపు రావచ్చు. బి.సి.జి. ప్రభావం సోకని ‘ఇగ్రా’ రక్తపరీక్ష అప్పుడు ఉపకరిస్తుంది. అది కూడా పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టు అర్థం కాదు. క్షయ క్రిమి ఎప్పుడో శరీరంలో చేరిందని మాత్రమే అది చెబుతుంది. ఛాతీ ఎక్స్‌రే తీయించి వైద్యుని సలహా తీసుకోండి. దాచవద్దు. తట్టు, ఆటలమ్మ, హెపటైటిస్-బి రక్తపరీక్షలను ఆరు నెలల ముందే చేయించుకుంటే, అవసరమైన మోతాదులు పూర్తిచేసే సమయం ఉంటుంది.

రోగి ఎవరిది?

విదేశాల నుంచి మన పల్లెలకు వచ్చే విద్యార్థులలో కొందరు తమ దేశంలో చేయనివ్వని పనులను ఇక్కడ చేయాలని ఉబలాటపడతారు. పేదవాడి శరీరం ఎవరికీ అభ్యాస పుస్తకం కాదు. ఇక్కడ ఆ నియమాన్ని పాటించమని అడిగే హక్కు మనకు ఎంత ఉందో, మన పిల్లలు అక్కడ ‘నేను విద్యార్థిని’ అని రోగికి చెప్పి, అనుమతి తీసుకుని ముట్టుకోవలసిన బాధ్యత కూడా అంతే ఉంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. విదేశానికి పంపే స్తోమత లేకపోతే బిడ్డ భవిష్యత్తు మూతబడినట్టు భావించకండి. అప్పు చేసి దళారి చేతిలో పెట్టే డబ్బుకు కొనగలిగేది ఒక ఉత్తరం మాత్రమే. పంపగలిగితే, ఆసుపత్రి పేరు కంటె ముందు బిడ్డ అక్కడ ఏ వైద్యుని వద్ద, ఏ పని చేస్తాడో అడగండి. పంపలేకపోతే, ఆ నాలుగు వారాలు మేడ్చల్ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శ్రద్ధగా గడపమనండి. గర్భిణి రక్తపోటు చూడడం, జ్వరపు కథను ఓపికగా వినడం అక్కడ నేర్చుకున్న విద్యార్థి రేపు బోస్టన్ వార్డులో నిలబడినా తడబడడు.