కారు ఏసీలో ముక్క వాసనా? అత్తరు కాదు, ఆరబెట్టడమే మందు

వర్షాకాలం మొదలైందంటే చాలా ఇళ్లలో ఇదే మాట. కారులో ఏసీ వేయగానే తడి బట్టలు మూటగట్టి ఉంచినట్టు ముక్క వాసన. దావత్‌కో, ఆస్పత్రికో ఇంటిల్లిపాదీ బయలుదేరితే మొదటి ఐదు నిమిషాలు ముక్కు మూసుకోవాల్సిందే. చాలామంది డ్యాష్‌బోర్డు మీద పర్ఫ్యూమ్ సీసా పెడతారు, లేదా ఏసీ రంధ్రాల దగ్గర రెండు చుక్కల అత్తరు రాస్తారు. రెండు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత అత్తరు, ముక్క వాసన కలిసి ఇంకా ఇబ్బంది పెడతాయి. వాసన పుట్టే చోటు వేరే ఉంది మరి.

వాసన ఎక్కడ పుడుతుంది?

డ్యాష్‌బోర్డు వెనకాల ఎవాపరేటర్ అనే చల్లటి జాలీ ఉంటుంది. చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే, గాలిలోని తేమ ఈ జాలీ మీద నీరుగా మారుతుంది. ఆ నీరు ఒక చిన్న పైపు ద్వారా కారు కిందకు కారిపోవాలి. మనం ఏసీ నడుస్తుండగానే బండి ఆపేస్తే జాలీ తడిగానే ఉండిపోతుంది. దానికి దుమ్ము తోడైతే బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. మళ్లీ ఫ్యాన్ వేసినప్పుడు ఆ వాసనే లోపలికి వస్తుంది.

ఇది వాసనతో పోయే విషయం కాదు. బూజు కణాలు పడనివాళ్లకు తుమ్ములు, దగ్గు మొదలవుతాయి, ఆస్తమా ఉన్న పిల్లలకు, పెద్దవాళ్లకు ఆయాసం పెరగొచ్చు. దాదీకో, చిన్నపిల్లలకో కారు ఎక్కితే దగ్గు వచ్చి, దిగితే తగ్గుతుంటే ముందు ఏసీని అనుమానించాలి. ఆయాసం ఉంటే డాక్టర్‌కు చూపించడం ఆపొద్దు.

ఇంట్లో చేసుకోగలిగినవి

1. కేబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనకాల ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. నల్లబడినా, తడిసినా కొత్తది వేయాలి. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగొద్దు. పెట్టేటప్పుడు దాని మీద గాలి దిశ చూపించే బాణం గుర్తు సరిచూసుకోండి. కొన్ని పాత మోడళ్లలో అసలు ఫిల్టరే ఉండదు.

2. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉన్న జాలీలో ఎండుటాకులు తీసేయండి. బయటి గాలి లోపలికి వచ్చేది అక్కడి నుంచే. వేప చెట్టు కింద బండి పెట్టేవాళ్లు ఇది తరచూ చూసుకోవాలి.

3. ఉక్కపోతగా ఉన్న రోజు పావుగంట ఏసీ నడిపి కారు కింద చూడండి, నీటి చుక్కలు పడాలి. పడకుండా ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉండొచ్చు. మెకానిక్‌తో శుభ్రం చేయించండి.

4. బండిని ఆరుబయట నిలిపి, అద్దాలు దించి, ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడి మీద, ఫ్యాన్ ఎక్కువ స్పీడులో పది నిమిషాలు నడపండి. లోపలి తడి ఆరుతుంది. మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం చేయొద్దు, ఇంజిన్ పొగలో ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

5. ఫుట్‌మ్యాట్లు, కార్పెట్ ఎండలో ఆరబెట్టండి. ఒలికిన పాలు, బిర్యానీ మసాలా, వుజూ చేసుకున్నాక తడి కాళ్లు పెట్టిన చోటు, డిక్కీలో మడతపెట్టిన తడి జానమాజ్, ఇవి కూడా వాసనకు కారణమే.

ఇంత చేసినా పోకపోతే ఎవాపరేటర్ క్లీనర్ ఫోమ్ వాడొచ్చు. డబ్బా మీద రాసినట్టే వాడాలి, తర్వాత అద్దాలు తెరిచి ఫ్యాన్ నడపాలి. సొంతంగా ధైర్యం చాలకపోతే వర్క్‌షాప్‌లో చేయించడమే మేలు.

ఇవి చేయొద్దు

కారులో లోబాన్, ఊద్, అగర్‌బత్తి వెలిగించొద్దు. నిప్పురవ్వ పడితే సీటు అంటుకుంటుంది, పొగ ఫిల్టర్‌కు, సీలింగ్ గుడ్డకు పట్టేస్తుంది. శానిటైజర్, బాడీ స్ప్రే వంటి మండే ద్రవాలు ఏసీ రంధ్రాల్లోకి కొట్టొద్దు. వర్క్‌షాప్‌లో ఓజోన్ మెషిన్ పెడితే అప్పుడు లోపల ఎవరూ కూర్చోకూడదు. పూర్తిగా గాలి ఆడాకే ఎక్కాలి.

అన్ని వాసనలూ ఒకటి కాదు

తియ్యటి వాసనతో పాటు ముందు అద్దానికి జిడ్డు ఆవిరి పడితే కూలెంట్ లీక్ కావొచ్చు. వైరు కాలిన వాసన, పెట్రోల్ వాసన, సైలెన్సర్ పొగ వాసన వస్తే బండి పక్కకు ఆపి, అందరినీ దించి మెకానిక్‌ను పిలవండి. కుళ్లిన వాసన అయితే ఎలుక చచ్చి ఉండొచ్చు.

మళ్లీ రాకుండా

ఇంటికి చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్ మాత్రం ఉంచండి. లోపలి గాలే తిరిగే బటన్ తీసేసి బయటి గాలి పెట్టండి. జాలీ ఆరిపోతుంది. దుమ్ము రోడ్లలో తిరిగే బండికి మాన్యువల్ చెప్పినదానికన్నా ముందే ఫిల్టర్ మార్చాలి. వాసన పోయాక అత్తరు మీ బట్టలకు రాసుకోండి, కారుకు దాని అవసరం ఉండదు.