తీగ అందరిదీ
నెట్ న్యూట్రాలిటీపై కాంగ్రెసు పార్టీ వైఖరి – ఒక చారిత్రక పరిశీలన



ప్రత్యేక సంచికకు టెలిఫోను శాఖ చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ట్రంకు బోర్డుల గురించీ, పాత ఎక్స్ఛేంజీల గురించీ మనలో చాలామంది ఇదివరకే రాశారు. అందుచేత మన వృత్తికి దగ్గరి చుట్టమైన ఒక కొత్త విషయాన్ని తీసుకున్నాను. దాని పేరు నెట్ న్యూట్రాలిటీ. మన సంఘానికి ఏ పార్టీతోనూ సంబంధం లేదన్న సంగతి అందరికీ విదితమే. ఒక పార్టీ వైఖరిని చర్చించటం దాన్ని పొగడటానికీ కాదు, తెగడటానికీ కాదు. జరిగినది జరిగినట్టు నమోదు చేయటమే నా ఉద్దేశం.

అసలు సంగతి ఏమిటి?

మా ధూల్‌పేట్‌కు దగ్గరలోనే పురానాపూల్ ఉంది. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో మూసీ మీద కట్టిన వంతెన. దాని మీద నడిచిన బండ్లలో బియ్యం ఉన్నాయా, బట్టలు ఉన్నాయా, పతంగులు ఉన్నాయా అని వంతెన ఎవరినీ అడగలేదు. ఇంటర్నెట్టు కూడా అలాగే ఉండాలన్నది నెట్ న్యూట్రాలిటీ. కనెక్షను ఇచ్చే కంపెనీ ఫలానా వెబ్‌సైటును వేగంగా, ఫలానా దాన్ని నెమ్మదిగా పంపకూడదు. ఒకదానికి ఒక రేటు, ఇంకొకదానికి ఇంకొక రేటు పెట్టకూడదు. దేన్నీ తనంతట తాను అడ్డుకోకూడదు.

ఇది మన పాత ధర్మమే

ట్రంకు కాల్స్ రోజుల్లో ఆర్డినరీ, అర్జంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు ఉండేవి. తొందర ఉన్నవారు ఎక్కువ చెల్లించి ముందు మాట్లాడేవారు. అది వివక్ష కాదా అని మా మనుమడు అడిగాడు. కాదని చెప్పాను. ఆ రేటు అందరికీ ఒక్కటే, అచ్చువేసి ఉండేది. ఎవరితో మాట్లాడతారు, ఏ వ్యాపారం కోసం మాట్లాడతారు అన్నదాన్ని బట్టి మేము రేటు మార్చలేదు. ఈనాడు కూడా ఎక్కువ వేగానికి ఎక్కువ చెల్లించటం తప్పు కాదు. ఆ వేగం ఏ సైటుకు వాడుకోవాలో కంపెనీ నిర్ణయించటమే తప్పు.

ఈ భావం కొత్తదేమీ కాదు. అమెరికాలో 1860 నాటి పసిఫిక్ టెలిగ్రాఫ్ చట్టంలోనే తంతివార్తలను వచ్చిన వరుసలో నిష్పక్షపాతంగా పంపాలని రాశారు. ప్రభుత్వ సందేశాలకు మాత్రం ముందు వరుస ఇచ్చారు. మనకు బాగా పరిచయమైన స్ట్రౌజర్ ఎక్స్ఛేంజి వెనుక కూడా ఇటువంటి కథే చెబుతారు. ఆల్మన్ స్ట్రౌజర్ అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటరు పోటీ వ్యాపారికి కలుపుతున్నదని అనుమానించి, ఆపరేటరు అవసరం లేని యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు పొందాడట. మధ్యలో కూర్చున్నవారు పక్షపాతం చూపితే వ్యాపారం ఎలా మునుగుతుందో చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మన దేశంలో వివాదం

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్టు ద్వారా చేసే కాల్స్‌కు విడిగా చార్జీ వేస్తామని ప్రకటించి, గగ్గోలు పుట్టటంతో వెనక్కి తీసుకున్నది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ‘ఇంటర్నెట్.ఆర్గ్’ను ప్రారంభించాయి. మొదటి విడత ఆరు రాష్ట్రాలలో మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. ఎంపిక చేసిన కొద్దిపాటి సైట్లు ఉచితం, మిగిలిన వాటికి డబ్బు కట్టాలి.

మార్చి 27న ట్రాయ్ 118 పేజీల సంప్రదింపుల పత్రం విడుదల చేసి, 20 ప్రశ్నలపై ప్రజాభిప్రాయం కోరింది. ఏప్రిల్‌లో ‘ఎయిర్‌టెల్ జీరో’ వచ్చింది. అందులో కస్టమరు బదులు సైటు యజమానే కంపెనీకి డబ్బు చెల్లిస్తాడు. పెద్ద దుకాణాలు చెల్లించగలవు. చిన్నవాడి సంగతి ఏమిటి? విమర్శలు రావటంతో ఫ్లిప్‌కార్ట్ ఏప్రిల్ 14న ఆ పథకం నుంచి తప్పుకున్నది. ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిల్ లేఖలు వెళ్ళాయి. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు కూడా ఈ ప్రచారంలో పాల్గొన్నాయి.

పార్లమెంటులో కాంగ్రెసు

2015 ఏప్రిల్ 22న కాంగ్రెసు ఉపాధ్యక్షుడు రాహుల్ గాంధీ ఈ అంశాన్ని లోక్‌సభలో లేవనెత్తారు. ఇంటర్నెట్టుపై ప్రతి యువకుడికీ హక్కు ఉండాలనీ, ప్రభుత్వం దాన్ని పెద్ద కంపెనీలకు పంచిపెట్టాలని చూస్తున్నదనీ ఆరోపించారు. చట్టాన్ని సవరించండి, లేదా కొత్త చట్టం తెండి అన్నది ఆయన కోరిక. కాంగ్రెసు వైఖరికి ఇదే సారాంశం. సీపీఎం కూడా నెట్ న్యూట్రాలిటీ పక్షానే నిలిచింది. బిజూ జనతాదళ్ ఎంపీ తథాగత సత్పతి ట్రాయ్‌కి లేఖ రాశారు.

టెలికం మంత్రి రవిశంకర్ ప్రసాద్ ఈ ఆరోపణను ఖండించారు. ఇంటర్నెట్టు వివక్ష లేకుండా అందరికీ అందాలన్నదే ప్రభుత్వ విధానమనీ, జనవరిలోనే కమిటీ వేశామనీ చెప్పారు. ఆ కమిటీ నివేదిక జూలైలో వెలువడింది. నెట్ న్యూట్రాలిటీ మూలసూత్రాలను సమర్థిస్తూనే, దేశంలో దేశంలోకి ఇంటర్నెట్టు ద్వారా చేసే కాల్స్‌ను మామూలు ఫోన్ కాల్స్ మాదిరే నియంత్రించవచ్చునని అది అభిప్రాయపడింది.

ఇక్కడ నిష్పాక్షికంగా ఒక మాట చెప్పాలి. ట్రాయ్ పత్రాలలో నెట్ న్యూట్రాలిటీ ప్రస్తావన 2006లోనే, కాంగ్రెసు నాయకత్వంలోని యూపీఏ హయాంలోనే వచ్చింది. 2014 వరకూ అధికారంలో ఉన్నా దానిపై నిబంధన ఏదీ చేయలేదు. ప్రతిపక్షంలో కోరిన చట్టాన్ని అధికారంలో ఉండగా తలపెట్టలేదన్నది చరిత్రలో నమోదు కావలసిన విషయం. అంతమాత్రాన 2015లో సభలో అడిగిన ప్రశ్న విలువ తగ్గదు. లక్షల లేఖలకు ఆ రోజు సభలో ఒక గొంతు దొరికింది.

ఫలితం

‘ఇంటర్నెట్.ఆర్గ్’ ‘ఫ్రీ బేసిక్స్’గా పేరు మార్చుకుని పత్రికల నిండా ప్రకటనలు గుప్పించింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తన తీర్పు చెప్పింది. చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు రేట్లు పెట్టటం నిషిద్ధం. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. అత్యవసర సేవలకు మినహాయింపు ఉంది. కొద్ది రోజులకే ఫ్రీ బేసిక్స్ మన దేశం విడిచిపోయింది. 2018లో ప్రభుత్వం వేగంలోనూ, అడ్డుకోవటంలోనూ వివక్ష కూడదన్న షరతును కంపెనీల లైసెన్సులలో చేర్చింది. అంటే అధికారపక్షం, ప్రతిపక్షం సూత్రం దగ్గర ఒకే ఒడ్డుకు చేరాయి.

అమెరికాలో అలా జరగలేదు. అక్కడి కమిషన్ 2015లో నిబంధన పెట్టింది, 2017లో తీసేసింది, 2024లో మళ్ళీ తెచ్చింది. మూడుసార్లూ 3–2 ఓట్లే. డెమొక్రాట్లు ఒకవైపు, రిపబ్లికన్లు మరొకవైపు. చివరకు 2025 జనవరిలో కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. పార్టీల మధ్య బంతిలా మారిన హక్కు ఎంత అస్థిరమో గమనించండి.

మనకెందుకు?

మన రక్షణ ట్రాయ్ నిబంధనపైనా, లైసెన్సు షరతుపైనా ఆధారపడి ఉంది. 2015లో కాంగ్రెసు కోరిన ప్రత్యేక చట్టం రాలేదు. నిబంధనను మార్చటం చట్టాన్ని మార్చటం కన్నా సులువు. పెద్ద సైట్లు తమకు వాటా చెల్లించాలని టెలికం కంపెనీలు 2023లో మళ్ళీ గట్టిగా అడిగాయి. కాబట్టి ప్రశ్న ముగిసిపోలేదు.

మా పేటలో వినాయక విగ్రహాలు, పతంగులు, రాఖీలు చేసి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. విగ్రహం ఫొటో ఫోనులో పంపితే ఊరవతలి మండపం వారు బేరం కుదుర్చుకుంటారు. చిన్న పనివాడి ఫొటో కూడా పెద్ద కంపెనీ బొమ్మ అంత త్వరగా చేరటమే ఈ చర్చ అంతటికీ అర్థం. 2014 నవంబరులో వచ్చిన ‘జీవన్ ప్రమాణ్’ ద్వారా మనలో ఎందరో ఇంటి నుంచే లైఫ్ సర్టిఫికెట్టు పంపుతున్నారు. ఆ దారి కూడా ఇదే తీగ మీద నడుస్తుంది.

అందుచేత పెన్షనర్ మిత్రులకు నా మనవి. ఓటు అడగటానికి ఏ పార్టీ వారు వచ్చినా, పెన్షను, వైద్యం గురించి అడిగినట్టే ఈ విషయంలో మీ వైఖరి ఏమిటి, చట్టం తెస్తారా అని కూడా అడగండి. ఫోను కంపెనీ ‘ఇది ఉచితం’ అన్నప్పుడు, ఆ ఉచితం వల్ల ఎవరి తలుపు మూతపడుతున్నదో ఇంట్లో పిల్లలతో కలిసి ఒక్కసారి ఆలోచించండి. వచ్చిన కాల్‌ను వచ్చిన వరుసలో కలిపిన మనకు, ఆ ప్రశ్న అడిగే అర్హత పూర్తిగా ఉంది.

– ఒక విశ్రాంత టెలిఫోను ఉద్యోగి, ధూల్‌పేట్