చిట్టి కప్పల ట్యాంక్ సెటప్.. నీళ్ల విషయంలో ఈ తప్పు చేస్తే ప్రాణానికే ముప్పు!

చూస్తే 5 సెంటీమీటర్లు కూడా ఉండదు. వీపు ఆకుపచ్చ, దాని మీద నల్ల మచ్చలు. పొట్ట మాత్రం నిప్పు కణికలా ఎర్రగా ఉంటుంది. అదే ఫైర్ బెల్లీడ్ టోడ్. కొరియా, ఈశాన్య చైనా, రష్యా తూర్పు ప్రాంతాలు దీని సొంతూరు. అమెరికా పెట్ షాపుల్లో మాత్రం మామూలుగానే దొరుకుతుంది. అక్కడి మన తెలుగువాళ్ల పిల్లలు కూడా ఏదో ఒక రోజు ‘ఇది కావాలి’ అని అడగొచ్చు. సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే జీవి ఇది. అందుకే కప్ప కంటే ముందు ట్యాంక్ రెడీ చేసుకోవాలి.

అసలు సంగతి నీళ్లలోనే

కప్పలు మనలా నోటితో నీళ్లు తాగవు. చర్మంతోనే పీల్చుకుంటాయి. అంటే ట్యాంక్ నీళ్లలో ఏముంటే అది నేరుగా ఒంట్లోకి వెళ్లిపోతుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ వీటికి ప్రమాదకరం. నీళ్లను ఒక రోజు బయట ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ, చాలా అమెరికా నగరాల్లో వాడే క్లోరమిన్ అలా పోదు. కాబట్టి అక్వేరియం షాపుల్లో దొరికే వాటర్ కండిషనర్ కలిపాకే నీళ్లు పోయాలి. ఫిల్టర్ ఉన్నా వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చాలి. ఫిల్టర్ లేకపోతే రెండు మూడు రోజులకోసారి మార్చాల్సిందే.

సగం నీళ్లు.. సగం నేల

రెండు మూడు కప్పలకు కనీసం 38 లీటర్ల (10 గ్యాలన్ల) గాజు ట్యాంక్ కావాలి. ఇంకా పెద్దదైతే మరీ మంచిది. సగం భాగంలో 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతు నీళ్లు, మిగతా సగంలో నేల ఉండాలి. నీళ్లలోంచి తేలిగ్గా ఎక్కేలా రాళ్లతో వాలు కట్టాలి. నేల వైపు తడి కొబ్బరి పీచు పొడి, మాస్ పరిచి, దాక్కోవడానికి చెక్క బెరడు పెడితే చాలు. సన్న గులకరాళ్లు వద్దు. తిండితో పాటు వాటినీ మింగేస్తాయి. రాయి కప్ప తల కంటే పెద్దదిగా ఉండాలి. గాలాడే జాలీ మూత తప్పనిసరి. లేదంటే గోడ ఎక్కి పారిపోతాయి.

వేడి అస్సలు పడదు

18 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వీటికి హాయి. 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. కాబట్టి ట్యాంక్‌ను కిటికీ ఎండలో పెట్టొద్దు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే తెలుగు రాష్ట్రాల్లో, ఏసీ లేని గదిలో వీటిని పెంచాలనుకోవడం వాటిని హింసించడమే.

తిండి ఏం పెట్టాలి?

ఇవి నాలుక చాచి పురుగును పట్టుకోలేవు. మీదకి దూకి నోటితో అందుకుంటాయి. చిన్న కీచురాళ్లు, వానపాము ముక్కలు ఇష్టంగా తింటాయి. పెద్ద కప్పలకు వారానికి రెండు మూడు సార్లు చాలు. పురుగులకు కాల్షియం, విటమిన్ డి3 పొడి అద్ది వేయాలి. తినగా మిగిలినవి వెంటనే తీసేయాలి. పొట్టలోని ఎరుపు తిండి నుంచే వస్తుంది. కెరోటినాయిడ్లు అందకపోతే రంగు వెలిసిపోతుంది.

ముట్టుకుంటే చేతులు కడగాల్సిందే

భయపడితే ఇది వీపు విల్లులా వంచి ఎర్ర రంగు చూపిస్తుంది. ‘నాలో విషం ఉంది, జాగ్రత్త’ అని హెచ్చరిక అన్నమాట. చర్మం నుంచి వచ్చే ఆ ద్రవం కంట్లో పడితే మంట పుడుతుంది. అందుకే వేరే జాతి కప్పలను, చేపలను ఇదే ట్యాంక్‌లో కలపొద్దు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా ముప్పు కూడా ఉంది. ఐదేళ్లలోపు పిల్లలు కప్పలను ముట్టుకోకూడదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ట్యాంక్‌ను వంటింటి సింక్‌లో కడగడం కూడా తప్పే.

బయట వదలొద్దు.. ఎందుకంటే

పెంచలేక చెరువులో వదిలేయడం అన్నింటికంటే పెద్ద తప్పు. కప్పల చర్మాన్ని దెబ్బతీసే కైట్రిడ్ ఫంగస్ తూర్పు ఆసియాలో పుట్టిందని 2018లో ‘సైన్స్’ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అది ప్రపంచమంతా పాకడంలో కప్పల వ్యాపారానికి పాత్ర ఉందని కూడా చెప్పింది. ఈ ఫంగస్ వల్ల 501 ఉభయచర జాతుల సంఖ్య తగ్గిపోయిందని, 90 జాతులు అంతరించిపోయి ఉంటాయని 2019లో మరో అధ్యయనం లెక్కగట్టింది. అందుకే ట్యాంక్ నీళ్లను కూడా చెరువులు, వాగుల్లో పోయకూడదు.

కొనేటప్పుడు ట్యాంకుల్లోనే పుట్టి పెరిగిన కప్పలను అడిగి తీసుకోవాలి. వానాకాలంలో పెరట్లో కనిపించే మన బోదురు కప్పను మాత్రం పట్టుకొచ్చి గాజు పెట్టెలో పెట్టొద్దు. పురుగులను తింటూ పెరట్లో తిరగడమే దానికి హాయి. కప్ప తిండి మానేసినా, కాళ్ల లోపలి చర్మం ఎర్రబడినా సొంత వైద్యం చేయకుండా ఉభయచరాలను చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.